మొదటి మోకాలు

మా ముత్తాత శబరి దాటి మరైగూడ వైపు వచ్చిన మొదటి క్రైస్తవ ఉపదేశి. తెల్లదొర గుర్రం మీద వెనక వస్తుంటే ఆయన దారి చూపిస్తూ ముందు నడిచాడు. మా తాత సంఘపెద్ద. తునికాకు కల్లాలు ఆయనవి. మందిరం దూలాలకు టేకు ఇచ్చింది ఆయన. కొంట ఊరికి వెళ్లే అధికారి ఎవరైనా మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగిన తర్వాతే ముందుకు కదిలేవాడు. మా నాన్న ఆ ఇద్దరికీ మనవడిగానూ కొడుకుగానూ పుట్టాడు. ఆయన చేసిన పని అదొక్కటే. దాయాదులతో కోర్టుకెక్కి పొలాలు పోగొట్టాడు. మిగిలినది ఇప్పసారాకు పోశాడు.

నేను ఆయన పెద్ద కూతుర్ని. పెళ్లి చేసుకోలేదు. ఇనుప గనుల ఊరు బచేలిలో ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు లెక్కలు చెబుతాను, అద్దె ఇంట్లో ఉంటాను. ఇంతవరకూ ఎవరి ముందూ వంగి మాట్లాడలేదు.

ఇంత జరిగాక మా వంశానికి మిగిలింది ఒక పీట.

బిషప్ గారు మొదటిసారి ఆ అడవిలోకి వచ్చి పిల్లల తలల మీద చేతులుంచిన ఏడాది వానలు ముందే పట్టాయట. ప్రార్థన జరిగే పాకలో నేలంతా బురద. దేవుని ముందు మోకరించేవాళ్లు బురదలో మోకరించకూడదని మా ముత్తాత ఒకే టేకు మానులోంచి ఒక పొడవాటి పీట కోయించాడు. నలుగురు పక్కపక్కన మోకరించవచ్చు. దాని కుడి కొస మా ఇంటిది. ప్రతి తరంలోనూ మా ఇంటి పెద్దబిడ్డ అక్కడ మోకరించాలి, బిషప్ గారి చెయ్యి ముందు ఆ తల మీద పడాలి. దాన్ని మా వాళ్లు మొదటి మోకాలు అనేవారు. ఇలా ఉండాలని ఎవరూ ఎక్కడా రాయలేదు. అడిగేవాడు లేనప్పుడు రాయాల్సిన అవసరం ఏముంది? మా తాత, మా నాన్న, నేను మోకరించి మోకరించి ఆ కొసన రెండు గుంటలు పడ్డాయి.

ఆ గుంటలు ఒక్క రోజు ఆరాధనతో పడినవి కావు. మా ఇంట్లో పిల్లల్ని ఆ రోజుకు సిద్ధపరిచే పద్ధతి ఒకటుంది. పీట మీద మోకరించి పదియాజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రశ్నలూ జవాబులూ వరసగా అప్పజెప్పాలి. ఎక్కడ తడబడినా మళ్లీ మొదటి ఆజ్ఞ దగ్గరికి రావాలి. నన్ను మా నాయనమ్మ అలాగే సిద్ధపరిచింది. ఏడిస్తే నీళ్లిచ్చేది, లేవనిచ్చేది కాదు. నేను ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఈ వయసులోనూ నా వెన్ను వంగదు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు దేవునికి మాట ఇచ్చేది పెద్దవాళ్లు. బిడ్డకు బుద్ధి తెలిశాక, అప్పుడు మీరిచ్చిన మాట ఇప్పుడు నాది అని సంఘం ముందు సొంత నోటితో ఒప్పుకోవాలి. అప్పుడు బిషప్ తల మీద చేతులుంచి ఆత్మబలం కోసం ప్రార్థిస్తారు. ఆ తర్వాతే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం. పాత పుస్తకాల్లో దీన్ని నిర్ధారణ అని రాశారు. నోటితో మాత్రం అందరూ కన్ఫర్మేషన్ అనే అంటారు. బచేలిలో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. గనిలో కొత్తగా చేరినవాడి ప్రొబేషన్ ముగిసి ఉద్యోగం ఖాయమైతే కన్ఫర్మ్ అయ్యాడని మిఠాయి పంచుతారు. ఇక్కడి చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే.

నా తమ్ముడు కిష్టారం వైపు దోర్ల గిరిజన రైతు ఇంటి పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. ఒక కూతుర్ని కని, జ్వరం వచ్చి చనిపోయాడు. అతని భార్యను నేను ఏనాడూ మరదలా అని పిలవలేదు. సమాధి కార్యక్రమం అయ్యాక ఆమెతో చెప్పాను: "నీకు పొలం ఉంది. నా తమ్ముడికి పేరుంది. బిడ్డ పేరున్న చోట పెరుగుతుంది." ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కిష్టారం వెళ్లిపోయింది. బిడ్డ నా దగ్గర ఉండిపోయింది. మా ఇంట్లో మొదటి మోకాలికి మిగిలింది ఆ ఒక్క పిల్లే. దాన్ని ఆ పీట కుడి కొసన మోకరింపజేయడం తప్ప నాకు వేరే కోరిక లేదు.

పిల్లకు తల్లి దగ్గర నుంచి దోర్లీ భాష వచ్చింది, బడి నుంచి హిందీ వచ్చింది. తెలుగు నేను నేర్పాను. ఇంట్లో దోర్లీ వినపడకూడదన్నాను. వినపడలేదు.

ఒకరోజు బడి నుంచి వస్తూనే సంచి దించకుండా అంది: "అత్తా, మా మేడం ఏం చెప్పిందో తెల్సా? అందరికి మంచి శిక్ష దొరకాలంట. అది పిల్లల హక్కంట."

హిందీలో శిక్ష అంటే చదువు. బడి గోడల మీద, పుస్తకాల అట్టల మీద, ప్రభుత్వ జీపుల మీద ఇక్కడ ఆ మాటే ఉంటుంది. నాకది తెలుసు. కానీ నా గడప లోపల తెలుగే.

"తెలుగులో శిక్ష అంటే ఏమిటి?" అన్నాను.

"ఏంది?"

"ఏంది కాదు, ఏమిటి. తెలుగులో శిక్ష అంటే తప్పు చేసినవాళ్లకు పడేది. ఇప్పుడు నీకు పడుతుంది."

పీట మీద మోకరింపజేసి, చదువు, చదువు అని దీపాలు పెట్టేదాకా అనిపించాను. ఆ తర్వాత నా ఇంట్లో పిల్ల నోట ఆ మాట మళ్లీ రాలేదు.

పిల్లకు కన్ఫర్మేషన్ ఈడు వచ్చింది. బిషప్ గారు బచేలి వస్తున్నారని, వానాకాలం వెళ్లాక కన్ఫర్మేషన్ ఆరాధన ఉంటుందని పాస్టరు గారు చెప్పారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ ముందు నిలబడి, మా పీట తెస్తానని, కుడి కొస మా పిల్లదని చెప్పాను. కమిటీ సెక్రటరీ గనిలో ఫోర్‌మన్, శ్రీకాకుళం మనిషి. అతని కొడుకూ ఆ ఏడే కన్ఫర్మేషన్‌కు ఉన్నాడు.

"రెక్సిన్ దిండ్లు కొత్తవి కుట్టించాం కదండి టీచరమ్మా," అన్నాడు. "మళ్లీ ఆ దుంగెందుకు?"

"దుంగ కాదు, మోకాళ్ల పీట. మీ తాతలు సముద్రం ఒడ్డున చేపలు ఆరబెట్టుకుంటున్న రోజుల్లో మా ముత్తాత దాని మీద మోకరించాడు."

అతనికి కోపం రాలేదు. పెద్దగా నవ్వాడు. "నిజమేనండి. మావోళ్లు చేపలు పట్టారు గనకే మాకు ఈతొచ్చింది. మీవోళ్లు పీటెక్కి కూకున్నారు, మునిగిపోనారు."

కమిటీ అంతా నవ్వింది. అతని భార్య చెంగు సర్దుకుంటూ, "అయితే మావోడు ఎనకాల మోకరించాలా ఏటి? చందా రాసినప్పుడు మాత్రం మా ఆయన పేరు ముందుండాల," అంది.

పాస్టరు గారు వయసులో నాకన్నా చాలా చిన్నవాడు. గొడవ అంటే భయం. "పీట పెడదాం అక్కా, ఈ ఒక్కసారికి," అన్నారు. "కాకపోతే పిల్ల సంఘం ముందు నిలబడి అన్నీ తప్పు లేకుండా చెప్పాలి. బిషప్ గారికి ఒక అలవాటుంది, పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి అడుగుతారు. అక్కడ తడబడితే ముందు చోటు నేను ఇప్పించలేను."

"తడబడదు," అన్నాను.

బయటికి వస్తుంటే సెక్రటరీ వెనక నుంచి కేకేశాడు: "ఏటండి, మీ పిల్ల కన్ఫర్మ్ అవుద్దా, ప్రొబేషన్ పెంచుతారా?"

నేను వెనక్కి తిరగలేదు.

వానలు ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు పీట దగ్గరే గడిచాయి. బైలాడిలా కొండ మీద నుంచి ఎర్రనీళ్లు వీధిలో పారుతుండేవి. లోపల పిల్ల పీట మీద, నేను ఎదురుగా కుర్చీలో. హిందీ బడిలో చదివే నాలుకకు విశ్వాస ప్రమాణంలోని పొడవాటి తెలుగు మాటలు తిరగవు. తిరిగేదాకా మళ్లీ మొదటి ఆజ్ఞ. మోకాళ్లు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత చితికాయి, తర్వాత నల్లగా గట్టిపడ్డాయి. నావీ అలాగే గట్టిపడ్డాయి.

ఒకసారి పాస్టరు గారు దారిలో ఆపారు. "అక్కా, పిల్ల కుంటుతోంది."

"కుంటనీయండి. తప్పు చెప్పకుండా ఉంటే చాలు."

పిల్ల కూడా ఒక్కసారే అడిగింది. "అత్తా, ఆ రోజు అమ్మను పిలుద్దమా?"

"ప్రశ్నలు అడగడం నీ పని కాదు. జవాబులు చెప్పు," అన్నాను. అది జవాబులే చెప్పింది.

ఆరాధన రోజున పీటను నూనె గుడ్డతో తుడిచి ఆటోలో వేయించుకుని వెళ్లాను. పిల్ల ఒంటి మీద తెల్ల గౌను. నేను కన్ఫర్మేషన్‌కు కట్టుకున్న చీరను కత్తిరించి కుట్టించాను. మందిరంలో వెనక వరసలో, చెప్పులు పెట్టే చోటుకు దగ్గరగా, నా తమ్ముడి భార్య కూర్చుని ఉంది. ఒళ్లో సారపప్పు సంచి. పాస్టరు గారే కబురు పంపారని తర్వాత తెలిసింది. నేను ఆమెను చూశాను. ఆమె లేచి దండం పెట్టింది. నేను ముందు వరసకు వెళ్లి కూర్చున్నాను.

పిల్లలు బల్ల ముందు వరసగా నిలబడ్డారు. మొదట మా పిల్ల. అడిగినవన్నీ చెప్పింది. పదియాజ్ఞలు చెప్పింది, విశ్వాస ప్రమాణం చెప్పింది, బాప్తిస్మంలో నీ తరఫున ఇచ్చిన మాట ఏదని అడిగితే అదీ చెప్పింది. ఒత్తులు పోలేదు, దీర్ఘాలు పోలేదు. సెక్రటరీ భార్య తన కొడుకు వైపు కంగారుగా చూసుకోవడం నాకు కనపడింది. మా నాయనమ్మ ఉంటే ఆ రోజు నా తల నిమిరి ఉండేది. ఆమె ఎప్పుడూ నిమరలేదు, అయినా ఆ రోజు నిమిరేది.

బిషప్ గారు కోస్తా మనిషి, మెత్తటి గొంతు. "చాలా బాగా చెప్పావమ్మా. నిన్ను ఎవరు సిద్ధపరిచారు?" అని అడిగారు.

"మా అత్త, అయ్యగారూ."

"మీ అత్త నీకు ఏమిచ్చింది? పుస్తకంలో మాట వద్దు. నీ సొంత మాట చెప్పు."

పిల్ల నా వైపు చూసింది. తర్వాత వెనక వరస వైపు చూసింది.

"శిక్ష ఇచ్చింది," అంది.

మందిరం ఒక్కసారిగా గొల్లుమంది. కింద కూర్చున్న పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. పాస్టరు గారు గబగబా బిషప్ గారి చెవి దగ్గరికి వంగారు, కానీ మైకు ఆయన చేతిలోనే ఉండటంతో అందరికీ వినపడింది: "హిందీ మీడియం అండి. హిందీలో శిక్ష అంటే చదువండి."

బిషప్ గారూ నవ్వారు. "ఓహో, అదా! మరి ఏ శిక్షమ్మా? హిందీదా, తెలుగుదా?"

"మా ఇంట్ల రెండూ ఒకటే, అయ్యగారూ."

ఈసారి నవ్వింది కొందరే. బిషప్ గారు పిల్లను కొంతసేపు చూశారు. "అత్తగారు ఎవరమ్మా?" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఎలా నిలబడాలో అలాగే నిలబడ్డాను. ఆయన నన్నూ అలాగే చూశారు.

"కూర్చోండమ్మా," అన్నారు.

మా తాత నిలబడితే అప్పటి బిషప్ గారు తన పక్క కుర్చీ చూపించేవారట. ఈయన కూర్చోమన్నది నోరెత్తవద్దని. కూర్చున్నాను.

మిగతా పిల్లల్నీ ప్రశ్నలు అడిగారు. నాకవి వినపడలేదు. సెక్రటరీ కొడుకు రెండు ఆజ్ఞలు కలిపి ఒకటిగా చెప్పాడని, బిషప్ గారు భుజం తట్టి వదిలేశారని తర్వాత ఎవరో చెప్పారు.

మోకరించే వేళయింది. పీట మధ్యలో పెట్టారు, దానికి ఎడమ పక్క రెక్సిన్ దిండ్లు. పాస్టరు గారు పిల్లకు కుడి కొస చూపించి, "ఇక్కడమ్మా," అన్నారు. తడబడలేదు కదా, ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నారు. పిల్ల తల అడ్డంగా ఊపింది. పీట దాటింది, దిండ్లూ దాటింది, చిట్టచివర తివాచీ అయిపోయిన చోట వట్టి గచ్చు మీద మోకరించింది. వంగేటప్పుడు ఒక చెయ్యి గచ్చుకు ఆనించుకుని మెల్లగా వంగింది. అందరూ చూశారు.

సెక్రటరీ భార్య లోగొంతుతో అనడం మాత్రం నాకు బాగా వినపడింది: "ఎల్రా, కాళీగా ఉంది కదా."

ఆ కుర్రాడు వెళ్లి మా గుంటల్లో మోకాళ్లు పెట్టాడు. బిషప్ గారి చెయ్యి ముందు వాడి తల మీద పడింది.

మా పిల్ల తల మీద అందరికన్నా చివర పడింది. పడలేదని నేను అనను. ఆ చేతుల కింద దాని వెన్ను నిటారుగా ఉంది. మిగతా పిల్లలు మడమల మీదికి కుంగిపోయారు, ఇది కుంగలేదు. ఆ వెన్ను దానికి ఎవరిచ్చారో మాత్రం ఆ రోజు ఎవరూ అడగలేదు.

తర్వాత ప్రభువు బల్ల. కొత్తగా నిర్ధారణ పొందిన పిల్లలు ముందు తీసుకుంటారు, ఆ తర్వాత పెద్దలు. పిల్ల మొదటిసారి రొట్టె తీసుకుని నా పక్క నుంచే వెనక్కి వెళ్లింది. మా ఇంట్లో నిర్ధారణ పొందినవాళ్లు బల్ల వేసిన రోజున వెళ్లకుండా ఉన్నట్టు నేను వినలేదు. ఆ రోజు నేను వెళ్లలేదు.

ఆరుబయట షామియానా కింద పలావు వడ్డించారు. సెక్రటరీ భార్య గరిటె పట్టుకుని నా దగ్గర ఆగింది. "పిల్ల కన్ఫర్మ్ అయిపోనాది కదండి టీచరమ్మా. ఇంక మీరే ప్రొబేషన్‌లో పడ్డారు," అని, నేను వద్దన్నా ఒక గరిటె ఎక్కువ వేసింది. పక్కవాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వారు. నేను విస్తరి అలాగే మడిచాను.

నా తమ్ముడి భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. పక్కన పిల్ల.

"వదినా, పిల్లను తీస్కపోతున్న," అంది.

"అడుగుతున్నావా, చెబుతున్నావా?"

"చెప్తున్న. ఇన్నేండ్లు అడిగిన."

"కిష్టారంలో ఏముంది దానికి?"

"నేనున్న," అంది.

నేను పిల్ల వైపు తిరిగాను. "శిక్ష అంటే తెలుగులో ఏమిటో నీకు తెలుసు. నేనే నేర్పాను."

"అవునత్తా," అంది. "నువ్వు నేర్పినవ్ కాబట్టే చెప్పిన. అయ్యగారు సొంత మాట అడిగిండు."

"అడిగారు అనాలి."

"పోతున్న అత్తా."

"వెళ్తున్నాను అనాలి," అన్నాను.

అది తల్లి వైపు తిరిగి దోర్లీలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. అంతకుముందు నా ముందు ఆ భాషలో అది నవ్వలేదు. తల్లి సారపప్పు సంచి నా కాళ్ల దగ్గర పెట్టి వెళ్లింది. దాన్ని నేను తీసుకోలేదు. ఎవరు తీసుకున్నారో తెలియదు.

పీట మొయ్యడానికి ఇద్దరు కావాలి. కమిటీ వాళ్లు షామియానా విప్పుకుంటున్నారు, నేను అడగలేదు. ఆటో డ్రైవరే ఒక పక్క పట్టుకున్నాడు. "ఎంత బరువు మేడం, ఇది ఇంకా ఎవరైనా వాడతారా?" అన్నాడు. ఇంకో పక్క నేను పట్టుకున్నాను.

కొన్నాళ్లకు సెక్రటరీ, పాస్టరు గారూ కలిసి ఇంటికి వచ్చారు. పీటను మందిరంలో ఉంచుదామని, మా ముత్తాత పేరు దాని మీద చెక్కిస్తామని అన్నారు. "పాత సామానంటే బిషప్ గారికి బాగా ఇష్టమంటండి," అన్నాడు సెక్రటరీ. ఆ కుర్రాడి మోకాళ్లు పడిన చోట మా ముత్తాత పేరు చెక్కిస్తారట. టీ ఇచ్చి పంపించాను. పీట ఇవ్వలేదు.

పిల్ల కిష్టారంలో ఉంది. ఆదివారాలు అక్కడి మందిరంలో పిల్లలకు తెలుగు అక్షరాలు చెబుతోందని పాస్టరు గారు అన్నారు. చాప మీద కూర్చోబెట్టి చెబుతుందట. మోకరించమనదట. అలా నేర్చుకున్న పిల్లలకు ఒత్తులు నిలవవు. నేను ఆయనతో అదే చెప్పాను.

పీటను గీదంలో ఒక ఫర్నిచర్ షాపు అతనికి అమ్మాను. గుంటలు పడిన కొస పనికిరాదని కోసి పారేశాడు. మిగతా చెక్కతో బస్టాండు దగ్గర పాన్ ఠేలా బండికి బల్ల చేసి ఇచ్చాడు.